ఫ్రిజ్ మీద ముళ్ళపంది

బెంగళూరు వెళ్ళొచ్చానని తెలియగానే మా తెనాలిలో కనిపించినవాళ్ళంతా లాల్‌బాగ్ చూశావా, విధానసౌధ చూశావా అని అడగడం మొదలుపెట్టారు. చూడలేదు. విధానసౌధ ముందునుంచి ఆటోలో వెళ్ళిన మాట నిజమే కానీ, ఆ సమయానికి నేను మీటరు వైపు చూస్తున్నాను. నేను వెళ్ళింది ఒక ముళ్ళపంది కోసం. ఆ సంగతి చెబితే ఎదుటివాళ్ళు కాసేపు నా మొహంలోకి చూసి, ఇంట్లో అందరూ కులాసానా అని అడిగి వెళ్ళిపోతున్నారు. అందుకని మొత్తం కథ కాగితం మీద పెడుతున్నాను.

నాకు తెనాలిలో భోజన హోటలు ఉంది. మా వాళ్ళకి తిన్నాక పళ్ళు కుట్టుకునే పుల్ల లేకపోతే భోజనం పూర్తయినట్టు ఉండదు. కౌంటరు మీద స్టీలు గ్లాసులో పుల్లలు పెడితే తలా గుప్పెడు తీసి జేబులో వేసుకుంటారు. ఆ పుల్లల ఖర్చుకి ఏడుస్తున్న రోజుల్లోనే ఒక వెండి కొట్లో, కరిగించడానికి పోగేసిన సామాను మధ్య చిన్న కోడిపుంజు కనిపించింది. దాని వీపు మీద ఒక బుట్ట. ఏమిటిదని అడిగితే, "దొరల కాలంలో పుల్లలు పెట్టుకునేదండీ" అన్నాడు కొట్టాయన. పళ్ళు కుట్టుకునే పుల్లకి వెండి సింహాసనం వేయించినవాళ్ళు ఈ భూమ్మీద ఉండేవారని తెలిసి నాకు ఒళ్ళు పులకరించింది.

ఆ తర్వాత తాబేలు వచ్చింది, పీపా మోస్తున్న ముసలాయన వచ్చాడు, తిరగేసిన టోపీ వచ్చింది. అద్దాల బీరువా కొన్నాను. వాటితోపాటు దొరలు బల్లమీద పెట్టుకునే చిల్లర సామాను కూడా చేరింది. అందులో ఉడకబెట్టిన కోడిగుడ్డుని నిలబెట్టే వెండి కప్పు ఒకటి. మా ఆవిడ సుభద్ర దాన్ని చూసిన మరుక్షణం కుంకుమ భరిణె అని తేల్చేసి పూజగదిలోకి పట్టుకుపోయింది. మేం గుడ్డు తినం కాబట్టి నేనూ వాదించలేదు.

బీరువా మధ్య అర మాత్రం ఖాళీగా ఉంచాను. పాత ఇంగ్లీషు కేటలాగు ఒకదాంట్లో వెండి ముళ్ళపంది బొమ్మ చూశాను. లోపల డొల్ల, వీపంతా చిల్లులు. ఒక్కో చిల్లులో ఒక్కో పుల్ల గుచ్చితే అవే ముళ్ళు. అతిథులు తలా ఒక ముల్లు పీక్కుంటారు. మనిషి బుర్ర ఇంతకన్నా ఎత్తుకి ఎదగలేదని నా నమ్మకం. ఆ బొమ్మకి ఫ్రేము కట్టించి హోటల్లో క్యాషు కౌంటరు వెనక, లక్ష్మీదేవి పటం పక్కనే తగిలించాను.

బెంగళూరు కంటోన్మెంటులో అలాంటి సామాను ఇంకా దొరుకుతుందని భోజనానికి వచ్చిన ఒక మెడికల్ రెప్ చెప్పాడు. సుభద్ర షరతు పెట్టింది. ముళ్ళపంది దొరక్కపోతే నేను ఇక జన్మలో వెండి పేరు ఎత్తకూడదు, బీరువా ఖాళీ చేసి ఆవిడకి అప్పగించాలి. ఆవకాయ జాడీల కోసం దానిమీద ఆవిడ కన్ను ఎప్పటినుంచో ఉంది. ఒప్పుకున్నాను. నిఘాకి తనూ వస్తానంది.

మెజెస్టిక్‌లో బై టూ

పొద్దున్నే మెజెస్టిక్ దగ్గర లాడ్జిలో సామాన్లు పడేసి టిఫినుకి వెళ్ళాం. అక్కడ హోటళ్ళలో కుర్చీలు ఉండవు. నడుమెత్తు బల్ల దగ్గర నిలబడి తినాలి. ఇడ్లీ దూదిలా ఉంది. సాంబారులో బెల్లం వేశారు. సుభద్ర ఒక చెంచా నోట్లో పోసుకుని, ఇది పొరపాటున పడిందా, కావాలనే వేశారా అని వడ్డించేవాణ్ణి అడిగింది. అతను నవ్వి ఇంకో గరిటె పోసి వెళ్ళాడు.

అన్నిటికన్నా నాకు వింతగా తోచింది బై టూ. అంటే ఒక కాఫీ తెప్పించుకుని ఇద్దరు పంచుకోవడం. సూటూ బూటూ వేసినవాళ్ళు కూడా ఏ బిడియం లేకుండా అడుగుతున్నారు, వాళ్ళూ చక్కగా రెండు గ్లాసుల్లో పోసిస్తున్నారు. మా హోటల్లో ఎవరైనా అలా అడిగితే సర్వరు ముందు నా వైపు, తర్వాత బయట ఉన్న బడ్డీ కొట్టు వైపు చూస్తాడు. మేమూ బై టూ తాగాం. ఆరు రూపాయల్లో ఇద్దరి కాఫీ అయిపోయింది.

పుల్ల అడిగితే లేదన్నారు. నిలబడి తినేవాడికి పళ్ళు కుట్టుకునే తీరిక ఎక్కడుంటుంది? నా విద్యకి ఈ ఊళ్ళో భవిష్యత్తు లేదేమోనని మొదటిసారి భయం వేసింది.

చిక్‌పేట తూకం

చిక్‌పేట సందుల్లో వెండి కొట్లు వరసగా ఉన్నాయి. పాత సామాను అంటే వాళ్ళకి బరువు తప్ప ఇంకేమీ కనిపించదు. ఒక కొట్లో ద్రాక్షగుత్తులు చెక్కిన చక్కెర గిన్నెని, తక్కెట్లో పట్టడం లేదని, నా కళ్ళముందే అరచేత్తో ఒత్తి చదును చేశారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సుభద్ర మాత్రం తక్కెడ సరిగ్గా ఉందో లేదో చూస్తోంది.

ముళ్ళపంది ఉందా అని నేను అడగ్గా అడగ్గా సాయంత్రానికి ఆ సందంతా నన్ను గుర్తుపట్టింది. కొట్టులోంచి బయటికి వస్తుంటే ఒక ఆటో ఆయన పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "వద్దు సార్. ఆ మాంసం జోలికి పోవద్దు. అడవి జంతువది, కేసు అయితాది. కావాలంటే నాటుకోడి మంచిది యాడ దొరుకుతాదో నేను చూపిస్తా" అన్నాడు. మేం శాకాహారులం అని చెప్పినా అతను నమ్మలేదు. శాకాహారికి ముళ్ళపందితో ఏం పని అని అతని అనుమానం. న్యాయమైన అనుమానమే.

కంటోన్మెంటులో అప్పడాల స్టాండు

మర్నాడు శివాజీనగర్ వెనక వీధిలో, మెడికల్ రెప్ చెప్పిన పాత సామాను కొట్టు పట్టుకున్నాం. యజమాని పేరు పీటర్. తెల్లటి జుట్టు, ఇస్త్రీ చొక్కా, కాలికి హవాయి చెప్పులు. కొట్టు నిండా పింగాణీ పళ్ళేలు, వెండి చెంచాలు, దీపపు సెమ్మెలు. నేను గుడిలోకి వచ్చినట్టు నిలబడిపోయాను.

సుభద్ర ఒక వెండి చట్రాన్ని చేతిలోకి తీసుకుంది. కాల్చిన రొట్టెముక్కలు నిలువుగా పేర్చే స్టాండు అది. "అప్పడాలు విరక్కుండా పెట్టుకోవడానికి బాగుందండీ" అంది. పీటర్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత ఆవిడకి పడవలాంటి గిన్నె దొరికింది. ఒకవైపు పిడి, ఒకవైపు మూతి. మాంసం మీద పులుసు పోసుకోవడానికి దొరలు వాడేది.

"ఉగ్గుగిన్నె" అంది సుభద్ర. "మా చెల్లెలి మనవడికి. కానీ మూతి ఏంటండీ ఇంత వెడల్పు? పసివాడి ముక్కులోకి పోతాయి పాలు. దీనికి ఇంత ధరా?"

"మేడమ్, అది గ్రేవీకి..." అన్నాడు పీటర్.

"ఏదైతేనేం, లోపం లోపమే కదా."

పసివాడి ముక్కు కోసం అతను వంద రూపాయలు తగ్గించాడు. నా పదేళ్ళ అనుభవంలో నేను ఏనాడూ పైసా తగ్గించగలిగింది లేదు.

ముళ్ళపంది మాట ఎత్తగానే పీటర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఉండాది మ్యాన్. ఒకటే ఉండాది ఈ ఊళ్ళో. హలసూరులో, మునెమ్మ అని తెలుగు అమ్మ. ఆమె మామ బట్లర్. దొర పోతా పోతా ఇచ్చి పోయినాడు. నేను రెండుసార్లు పోయినా. కాఫీ ఇచ్చింది, ఫస్ట్ క్లాస్ కాఫీ. ధర ఎంత అని అడిగినా. చీపురు తీసుకుంది."

"ఎందుకు?"

"అడిగేదానికి నేను నిలబడలేదు మ్యాన్. మీరు తెలుగులో అడగండి, చూద్దాం."

ముళ్ళపంది నిజంగా ఉంది! రోడ్డు దాటుతుంటే నా కాళ్ళు నేలమీద లేవు. సుభద్ర చెయ్యి పట్టుకుని లాగకపోతే బస్సు కింద పడేవాణ్ణి.

మారతహళ్ళిలో మూడో అంతస్తు

హలసూరులో ఇంటికి తాళం ఉంది. వారం కిందట ఆ ముసలమ్మని కొడుకు మారతహళ్ళిలో తన ఫ్లాటుకి తీసుకుపోయాడని పక్కన పూలు కట్టే ఆవిడ చెప్పి, అడ్రసు కూడా ఇచ్చింది. మళ్ళీ బస్సు. మారతహళ్ళిలో రోడ్డంతా తవ్వి ఉంది. ఎటు చూసినా సగం కట్టిన ఫ్లాట్లు, బాడుగకి గదులు కలవన్న బోర్డులు. బస్టాపులో నిలబడ్డ కుర్రకారు మాటల్లో సగం మన గుంటూరు, కృష్ణా జిల్లాలే. ఒక కొట్టు ముందు గోంగూర పచ్చడి వంద గ్రాముల ప్యాకెట్లలో వేలాడుతోంది. మా ఊళ్ళో గోంగూరని కొత్తిమీరలా కొసరు వేస్తారు.

మూడో అంతస్తులో తలుపు తీసింది కోడలు కీర్తి. మధ్యాహ్నం షిఫ్టుకి ఆఫీసుకి తయారై ఉంది. "అత్తయ్యా, మీకోసం ఎవరో వచ్చారు. కూర్చోండి అంకుల్. సోఫా ఇంకా డెలివరీ కాలేదు. ఆ కార్టన్ మీద కూర్చోండి, పర్లేదు, అందులో బుక్సే ఉన్నాయి."

మునెమ్మ వంటింట్లోంచి వచ్చింది. పొట్టిగా, పచ్చగా, ముక్కుకి రెండు వైపులా పుడకలతో. "యా ఊరప్పా మీది?"

"తెనాలి అమ్మా. గుంటూరు దగ్గర. అక్కడ నాకు హోటలు ఉంది. మీ ఇంట్లో వెండి ముళ్ళ..."

సుభద్ర నా కాలు తొక్కింది. ఎందుకో తెలియక ఆవిడ చూస్తున్న వైపు చూశాను.

వంటింట్లో ఫ్రిజ్. ఫ్రిజ్ మీద పీట. పీట మీద నా ముళ్ళపంది. నుదుట నామం, మెడలో కనకాంబరాల దండ, నడుముకి పసుప్పచ్చని పట్టుగుడ్డ. వీపు మీద రెండు చిల్లుల్లో రెండు అగరుబత్తీలు వెలుగుతున్నాయి.

"మా వరాహసామి" అంది మునెమ్మ. "దండం పెట్టుకోండప్పా."

పెట్టుకున్నాం. ఇంకేం చేస్తాం? పుల్లలు లేని ముళ్ళపంది, ఆ మూతి, ఆ పొట్టి కాళ్ళు, ముమ్మూర్తులా ఆదివరాహమే. సరిగ్గా అప్పుడే ఫ్రిజ్ గుర్రుమని మొదలైంది. స్వామి పీట మీద గడగడ వణికాడు.

"సలి సామికి" అంది మునెమ్మ బాధగా. "హలసూరులో సొంత గది ఉండె ఆయనకి. ఈడ బాడిగ ఇల్లు. గోడకి మేకు కొట్టగూడదని ఓనరు రూలు పెట్టినాడు. మేకు లేకుండా దేవుడికి అలమారు యాడ కట్టేదప్పా?"

తర్వాత మామగారి కథ చెప్పింది. దొర బంగళాలో స్వామి ఎప్పుడూ భోజనం బల్ల నట్టనడుమ ఉండేవాడట. "తినేటప్పుడు గుడా దేవుణ్ణి మరిసిపోలేదు సూడు ఆ దొరలు. తిన్నాక ఒక్కొక్కరే తల వంచి, సామి వీపు మీది పుల్ల ఒకటి తీసుకునేవాళ్ళంట. ప్రసాదం. నోట్లో పెట్టుకునేవాళ్ళంట."

నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చేసరికి కళ్ళు ఎర్రబడ్డాయి. భక్తి అనుకుని ఆవిడ నా మీద మరింత ప్రసన్నురాలైంది. చిన్న గిన్నెతో పాలు తెచ్చి స్వామి వీపు మీద పోసింది. చిల్లుల్లోంచి పాలు గుటగుటమని లోపలికి పోయాయి. "తాగినాడు" అంది తృప్తిగా. సాయంత్రం కడుపు కింద బిరడా తీస్తే వచ్చేది తీర్థమట.

"కోడలు మంచిదేనప్పా" అంది ఆవిడ, కీర్తి ఆఫీసుకి చెప్పులేసుకుంటుంటే గొంతు తగ్గించకుండానే. "కానీ సీమలొస్తుండాయి, పాలు ఒలికితే మిసిను పాడైతాదంట. మొన్న, సామిని లోపల పెడదామా అత్తయ్యా అనింది. ఫ్రిజ్జు లోపల!"

"సారీ అత్తయ్యా, నాకు వేరే ప్లేస్ తట్టలేదు" అంది కీర్తి, నిజంగానే నొచ్చుకుంటూ.

"హలసూరులో శనివారం వస్తే వాకిలి నిండా జనం. ఈడ మెట్లెక్కి ఒక్కరు రాలేదు. సామికి బేజారైపోయుండాది." ఆవిడ నావైపు తిరిగింది. "నీది హోటలు అంటివే? తెల్లారక ముందే పాలు వస్తాయి గదా?"

"క్యాన్లకి క్యాన్లు వస్తాయమ్మా."

"జనం వస్తారు గదా?"

"వస్తారు."

"అయితే తీసకపో. దుడ్లు వద్దు. దేవుణ్ణి అమ్మేవాళ్ళు ఉంటారా? మొన్న ఒకడు ధర అడిగితే చీపురు చూపించినా. రోజూ పొద్దున పాలు పోస్తానని మాట ఇయ్యి, చాలు."

నిజం చెబితే ఆవిడ గుండె పగులుతుంది. చెప్పకపోతే ముళ్ళపంది నాదవుతుంది. ఆ రెండో సంగతి నాకు అంత ఆనందంగా లేకపోతే మొదటిదాని గురించే మౌనంగా ఉన్నానని గర్వంగా చెప్పుకునేవాణ్ణి. నేను నీళ్ళు నములుతుండగా సుభద్ర లేచి, స్వామి ముందు చెయ్యి చాపింది.

"పోస్తామమ్మా. రోజూ పోస్తాం. నా మాట."

నా భార్య ఇంత గొప్ప నటి అని నాకు అప్పటిదాకా తెలియదు.

మునెమ్మ స్వామిని తన కొత్త రవిక గుడ్డలో చుట్టి, మూడంతస్తులు తనే మోసుకుంటూ దిగింది. ఒక్కో మెట్టుకీ ఆగింది. మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. కీర్తి మా ఇంటి ఫోన్ నంబరు తన సెల్లులో ఎక్కించుకుంది. ఆటోలో సుభద్ర ఒళ్ళో పెట్టి, గుడ్డ కొంచెం పక్కకి తీసి, "పొయ్యిరా నాయనా. కొత్త ఊరు. బేజారు పడగూడదు" అంది మునెమ్మ. ముక్కు చీదుకుని వెంటనే వెనక్కి తిరిగిపోయింది. నాకు నవ్వు రాలేదు.

తిరుగు రైలు

మర్నాడు రైలు ఎక్కాక మాత్రం ఆనందం పట్టలేకపోయాను. కిటికీ పక్కన కూర్చుని రవిక గుడ్డ విప్పాను. పొట్ట కింద వెండి నాణ్యత ముద్రలు చూశాను, చిల్లులు తడిమాను. ఎదురు సీట్లో చిత్తూరు నుంచి పెళ్ళికి వెళ్తున్న ముసలాయన మూతి చూసి, "వరాహమా?" అని చెంపలేసుకున్నాడు. నేను సంచిలోంచి పుల్లల డబ్బా తీశాను. తెనాలి నుంచి తెచ్చుకున్న కొత్త డబ్బా.

"ఏంటది?" అంది సుభద్ర.

"ఊరికే. ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామని."

"చెయ్యి తియ్యండి."

"నీకు తెలుసుగా ఇది ఏమిటో! కౌంటరు వెనక ఫోటో ఉందిగా!"

"తెలుసు. ముళ్ళపందని నాకు నిన్న గుమ్మంలోనే తెలుసు. అయితే? ఆ తల్లి ఇన్నేళ్ళు పెట్టిన దండాలు ఎటు పోతాయి? పుల్లల్లోకి పోతాయా? మాటిచ్చింది నేను. ఇది పూజగదిలోకే వెళ్తుంది."

"మరి బీరువా?"

"ముళ్ళపంది దొరికింది కాబట్టి బీరువా మీదే. ఉంచుకోండి."

ఎదురు సీటు ముసలాయన మా ఇద్దరి మొహాలూ చూసి, అరటిపళ్ళ సంచిలోంచి ఒక పండు తీసి స్వామి ముందు పెట్టాడు.

తెనాలి

ఇప్పుడు బీరువాలో తాబేలు, కోడిపుంజు, టోపీ అన్నీ ఉన్నాయి. మధ్య అర ఖాళీ. అక్కడ ఉండాల్సినవాడు పూజగదిలో కోడిగుడ్డు కప్పు పక్కన కూర్చుని రోజూ పావుసేరు పాలు తాగుతున్నాడు. హోటలు వంటవాళ్ళు పనిలోకి దిగేముందు వచ్చి దండం పెట్టుకుని పోతున్నారు. పదేళ్ళు వెతికిన వస్తువు ఇంట్లోనే ఉంది, నాది మాత్రం కాదు. ఈ బాధ ఎవరితో చెప్పుకోవాలి?

మొన్న సుభద్ర చెల్లెలి ఇంటికి వెళ్ళింది, ఉగ్గుగిన్నె ఇవ్వడానికి. పాలు మర్చిపోకండి అని మూడుసార్లు చెప్పి వెళ్ళింది. ఆవిడ సందు మలుపు తిరిగేదాకా ఆగాను. స్వామిని, అంటే ముళ్ళపందిని, తెచ్చి భోజనం బల్ల నట్టనడుమ పెట్టాను. నామం తుడిచాను. పట్టుగుడ్డ విప్పాను. పుల్లలు ఒక్కొక్కటే గుచ్చాను. వీపంతా ముళ్ళు లేచి నిలబడ్డాయి. ఎంత బాగుందో చెప్పలేను! కేటలాగు బొమ్మ దాని కాలిగోటికి పనికిరాదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

పక్కనే ఫోను మోగింది. సుభద్రేమో అనుకుని ఎత్తాను.

"అప్పా, నేను మునెమ్మ. కోడలు సెల్లులోంచి మాట్లాడతా ఉండా. బిల్లు ఎక్కువైతాదంట, బిరీన అడుగుతా. సామి బాగుండాడా?"

"బాగున్నాడమ్మా" అన్నాను. ముళ్ళన్నీ నా వైపే చూస్తున్నాయి.

"నిన్నరేయి కలలోకి వచ్చినాడప్పా. ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకోని, నొప్పిగా ఉండాది అమ్మా అన్నాడు. అప్పట్నించి నాకు కూడు దిగలేదు. ఈ పొద్దు పాలు తాగినాడా?"

రిసీవరు భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి పుల్లలు పీకడం మొదలుపెట్టాను. నా చేతులు ఇంత వేగంగా పనిచేయడం నేను ఎన్నడూ చూడలేదు. ఒకటి లోపల విరిగింది. దాన్ని గోటితో లాగాను. "ఇదిగో, ఇప్పుడే పోస్తున్నానమ్మా. మీరు లైనులోనే ఉండండి" అన్నాను. వంటింట్లోంచి పాలగిన్నె తెచ్చి, రిసీవరు చిల్లుల దగ్గర పెట్టి, ధారగా పోశాను.

గుటగుటమని పాలు లోపలికి పోయాయి.

అటునుంచి ఆవిడ ఊపిరి వదిలిన చప్పుడు వచ్చింది. "తాగినాడు. ఇంక నేనూ రెండు ముద్దలు తింటా" అని ఫోను పెట్టేసింది.

బల్లంతా పాలు, విరిగిన పుల్లలు. నా ముళ్ళపందికి నేను మొదటిసారి మనస్ఫూర్తిగా దండం పెట్టింది అప్పుడే. రెండో చేతిలో రిసీవరు ఇంకా అలాగే ఉండటంతో ఒంటిచేత్తో పెట్టాను.